రెండు పెడల్ల బండి: ఆటోమేటిక్ కార్ల గేర్‌బాక్సులు, వాటి పేర్లు

కార్వాన్ ఫార్సీ మాట. బిడారు అని అర్థం. గోల్కొండ కోటకూ పురానాపూల్‌కూ నడుమ వజ్రాల వర్తకుల బిడారులు దిగిన చోటు కాబట్టి హైదరాబాదులోని ఈ పేటకు ఆ పేరు నిలిచింది. అదే మాట యూరప్ చేరి కారవాన్ అయింది. 19వ శతాబ్దంలో ఇంగ్లండువాళ్లు దాని తల కోసేసి ‘వ్యాన్’ అన్నారు. ఆ మిగిలిన ముక్కే మారుతి వ్యాను మీదెక్కి మళ్లీ కార్వాన్ సందుల్లోకి వచ్చింది. ఈ పేటలో ఒక వస్తువుకు రెండు పేర్లుండటం కూడా పాత సంగతే. 1671లో మూసా ఖాన్ కట్టించిన టోలీ మసీదును దమ్డీ మసీదు అనీ అంటారు. మక్కా మసీదు కట్టడానికి పెట్టిన ప్రతి రూపాయి మీదా ఆయనకు ఒక దమ్డీ దక్కిందట, ఆ దమ్డీలు కూడబెట్టి దీన్ని కట్టించాడట.

ఆటోమేటిక్ కార్ల గేర్‌బాక్సుల్లో ఈ పేర్ల గందరగోళం ఇంకా ముదిరింది. ఒకే యంత్రానికి అరడజను పేర్లు, ఒకే పేరు కింద రెండు మూడు రకాల యంత్రాలు. సెకండ్ హ్యాండ్ కారు బేరంలో ‘ఆటోమేటిక్’ అనే ఒక్క మాటతో ఇవన్నీ చెల్లిపోతాయి. హైదరాబాదులో దాన్ని ‘ఆటో’ అని కురచ చేయడానికి కూడా వీల్లేదు. ‘ఆటో కొన్నా’ అంటే మూడు చక్రాలది అనుకుంటారు.

నిజానికి ఆ మాట చెప్పేది కారులో లేనిదాన్ని గురించే. ఎడమ కాలి కింద క్లచ్ పెడల్ ఉండదు, అంతే. పెడల్ పోయినచోట దాని పని ఎవరు చేస్తున్నారు, ఎలా చేస్తున్నారు అన్నది ఆ మాటలో లేదు. నడిపే తీరు, రిపేరు ఖర్చు, ట్రాఫిక్‌లో ఓర్పు మాత్రం దాని మీదే ఆధారపడి ఉంటాయి.

గేర్లు లేని స్కూటరులో గేరు

తెలుగు ఇళ్లలో ఎక్కువ మందికి మొదటి ఆటోమేటిక్ బండి కారు కాదు, స్కూటరు. 1984లో కైనెటిక్ హోండా వచ్చేదాకా స్కూటరంటే ఎడమ చేతి పిడి తిప్పి గేరు మార్చేదే. ఆ తరవాత స్కూటీలు, యాక్టివాలు వచ్చాక గేర్ల స్కూటర్లు మెల్లగా కనుమరుగయ్యాయి. ‘గేర్లు లేని బండి’ అని అందరూ అంటారు, చట్టమూ అలాగే అంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం లైసెన్సుల జాబితాలో గేరు లేని మోటారు సైకిలుకు ఒక విడి తరగతి ఉంది. కార్లకు మాత్రం అలాంటి విభజన లేదు. క్లచ్ ఉన్నా లేకున్నా ఒకటే లైసెన్సు.

ఒకసారి నా స్కూటరు పికప్ పోయింది. ఎంత రేజ్ చేసినా ఇంజను అరుస్తుందే తప్ప బండి లాగదు. కార్వాన్‌లో ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. మెకానిక్ ఎడమ పక్క కవరు విప్పాడు. లోపలంతా రబ్బరు బెల్టు అరిగి రాలిన నల్లటి పొడి. ముందు పుల్లీ ఊడదీసి అరచేతిలో ఆరు చిన్న రోలర్లు పోశాడు. గుండ్రంగా ఉండాల్సినవి ఒక్కోటి ఒక పక్క చదునుగా అరిగిపోయాయి.

‘రోలర్లు ఖరాబైనయ్ అన్నా. ఇగో చూడు, ఒక్క దిక్కే అరిగినయ్.’

‘దీనికి గేర్లే లేవు గదా భాయ్, పికప్ ఎట్ల పోయింది?’

‘లేవని ఎవరన్నరు? ఇదే గేరు. ఈ రోలర్లు బయటికి జరిగితే పుల్లీ మూస్కుంటది, బెల్టు పైకెక్కుతది. అంతే, టాప్ గేర్ల వడ్డట్టు.’

కార్ల సీవీటీ (కంటిన్యువస్లీ వేరియబుల్ ట్రాన్స్‌మిషన్) గురించి ఇంతకంటే సులువైన వివరణ నాకు ఎక్కడా దొరకలేదు. స్కూటరులో ఉన్నది సీవీటీయే. విడివిడి మెట్లలా గేర్లు ఉండవు, ర్యాంపులా నునుపుగా నిష్పత్తి మారుతూ పోతుంది. గేర్లు లేకపోవడం కాదది, లెక్కపెట్టలేనన్ని ఉండటం.

గేరు దేనికి

చిన్న కారు చక్రం ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 1.8 మీటర్లు సాగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 185 చుట్లు తిరుగుతుంది, 100 కిలోమీటర్ల వేగంలో 925 చుట్లు. ఇంజను చూస్తే ఊరికే నిలబడి ఉన్నప్పుడే నిమిషానికి 800 చుట్ల దాకా తిరుగుతుంటుంది, లాగాలంటే ఇంకా ఎక్కువ కావాలి. ఈ రెంటికీ పొత్తు కుదర్చడం గేర్‌బాక్సు మొదటి పని. రెండో పని, బండి ఆగి ఉన్నా ఇంజను ఆగిపోకుండా చూడటం. కదిలేటప్పుడు తిరుగుతున్న ఇంజనును నిలబడ్డ చక్రాలకు మెల్లగా అంటించాలి. మామూలు కారులో ఆ పని క్లచ్‌ది.

కాబట్టి ఏ ఆటోమేటిక్‌ను చూసినా రెండు ప్రశ్నలు వేయాలి. బండి కదిలేటప్పుడు ఇంజనుకూ చక్రాలకూ మధ్య జారే వస్తువు ఏది, నూనెనా, రాపిడి పలకా? నిష్పత్తి మార్చేది ఏది, పళ్లచక్రాలా, బెల్టూ పుల్లీలా? కంపెనీ పెట్టిన పేరును పక్కనపెట్టి ఈ రెంటికి జవాబు రాబడితే సగం చిక్కు విడిపోతుంది.

నూనె మీద నడిచేది

పాతకాలం నుంచీ ‘అసలు ఆటోమేటిక్’ అనిపించుకున్నది టార్క్ కన్వర్టర్ రకం. కుండలో కవ్వం తిప్పితే మజ్జిగంతా సుడి తిరుగుతుంది, అందులో పడ్డ కరివేపాకు రెబ్బ ఎవరూ ముట్టుకోకుండానే తిరుగుతుంది. ఇక్కడ ఇంజను తిప్పే పంపు కవ్వం లాంటిది. అది చిమ్మిన నూనె ఎదురుగా ఉన్న టర్బైను రెక్కలను తిప్పుతుంది. రెంటి మధ్యా ఉండే స్టేటర్ అనే మూడో చక్రం, తిరిగి వచ్చే నూనెను దారి మళ్లించి పంపుకు సాయంగా కొట్టిస్తుంది. దానివల్ల బండి కదిలే క్షణంలో తిప్పుడు బలం పెరుగుతుంది. ‘టార్క్ కన్వర్టర్’ అన్న పేరు అందుకే. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో దీనికి పేటెంటు తీసుకున్నది ఓడల కోసం.

నిష్పత్తి మార్చే పని దాని వెనక ఉండే ప్లానెటరీ గేర్లది. నవగ్రహ మంటపంలో లాగే మధ్యలో సూర్యుడు, చుట్టూ గ్రహాలు, వాటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్లున్న ఒక పెద్ద వలయం. మూడింటిలో ఒకదాన్ని పట్టి ఆపితే ఒక నిష్పత్తి, ఇంకోదాన్ని ఆపితే ఇంకో నిష్పత్తి. పళ్లు ఎప్పుడూ విడిపడవు, గేరు కలపడమంటే లోపల ఒక బ్యాండునో క్లచ్‌నో నూనె ఒత్తిడితో బిగించడమే. ఈ రకం బండిలో గేరు మారినట్టు సాధారణంగా తెలియకపోవడానికి కారణం ఇదే.

ఇక్కడే మొదటి పేరు తకరారు. ‘టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్’ అన్నప్పుడు ఒక భాగం పేరు మొత్తానికి అంటగట్టాం. ఎన్నో సీవీటీ కార్లలో కూడా కదిలే పనికి టార్క్ కన్వర్టరే ఉంటుంది. అటు చూస్తే పెద్ద ఎత్తున తయారైన తొలి ఆటోమేటిక్, జనరల్ మోటార్స్ వారి హైడ్రా-మాటిక్, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబీల్‌తో బయటికి వచ్చినప్పుడు అందులో టార్క్ కన్వర్టరే లేదు. స్టేటర్ లేని వట్టి నూనె జోడింపు ఉండేది. టార్క్ కన్వర్టర్‌తో బ్యూయిక్ డైనాఫ్లో 1948లో వచ్చింది. రోల్స్-రాయిస్ కూడా 1952లో సొంతంగా తయారు చేసుకోకుండా హైడ్రా-మాటిక్‌నే తెచ్చి పెట్టుకుంది. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాముల పసుపుపచ్చ రోల్స్-రాయిస్ అంతకు చాలా ముందు కాలానిది. అప్పటి బళ్లలో గేరు సాఫీగా పడాలంటే డ్రైవరు క్లచ్ రెండుసార్లు తొక్కాల్సిందే. నవాబు గారు వెనక సీట్లో ఆసనం మీద కూర్చుంటే ఆ తంటాలన్నీ ముందు కూర్చున్నవాడివి.

మన దగ్గర ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, ఎక్స్‌యూవీ700, 2022 తరవాతి బ్రెజా, ఎర్టిగా ఆటోమేటిక్‌లు ఈ కుటుంబంవి. వీటి మీద సాధారణంగా ‘ఏటీ’ అని ఉంటుంది. బీఎమ్‌డబ్ల్యూ ‘స్టెప్‌ట్రానిక్’ అంటుంది, బెంజ్ తొమ్మిది గేర్లదాన్ని ‘9జీ-ట్రానిక్’ అంటుంది. పోర్షే 1989 ప్రాంతంలో తెచ్చిన ‘టిప్‌ట్రానిక్’ మాట ఫోక్స్‌వ్యాగన్, ఆడీలకూ పాకింది. లివరును ముందుకో వెనక్కో తట్టి గేరు మనమే మార్చుకునే సదుపాయానికి ఆ పేరు. ఆ సదుపాయం ఈ రోజు అన్ని రకాల ఆటోమేటిక్‌లలోనూ ఉంటుంది కాబట్టి, ప్లస్సూ మైనస్సూ గుర్తులు చూసి లోపలి యంత్రం ఏదో చెప్పడం కుదరదు.

పెడల్ తీసేసిన మాన్యువల్

మన దేశంలో ఆటోమేటిక్ అన్న మాటను మధ్యతరగతి ఇంటికి తెచ్చింది మాత్రం ఈ నూనె యంత్రం కాదు. 2014 ఫిబ్రవరిలో గ్రేటర్ నోయిడా ఆటో ఎక్స్‌పోలో మారుతి సెలెరియో వచ్చింది. మాన్యువల్‌కూ ఆటోమేటిక్‌కూ ధరలో తేడా సుమారు 40 వేల రూపాయలే. కంపెనీ చెప్పిన మైలేజి రెంటికీ ఒకటే, లీటరుకు 23.1 కిలోమీటర్లు. అంతదాకా ఆటోమేటిక్ అంటే ధర ఎక్కువ, పెట్రోలు ఎక్కువ తాగుతుంది అని చెప్పుకున్న మాటలకు అప్పుడు బ్రేకు పడింది.

ఎలా కుదిరిందంటే, అది కొత్త గేర్‌బాక్సే కాదు. అదే మాన్యువల్ గేర్‌బాక్సు, అదే క్లచ్ ప్లేటు. క్లచ్ తొక్కడానికి కాలి బదులు, గేరు మార్చడానికి చేతి బదులు యాక్చువేటర్లు పెట్టి, వాటిని కంప్యూటరు చేత ఆడించారు. ఇంజనీర్లు పెట్టిన పేరు ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్, ఏఎమ్‌టీ. ఈ పేరు మాత్రం నిజాయితీగా ఉంది, మాన్యువల్ అన్న సంగతి దాచలేదు. బహుశా అందుకే కంపెనీలకు నచ్చలేదు. మారుతి మొదట ‘ఈజీ డ్రైవ్’ అని, తరవాత ‘ఆటో గేర్ షిఫ్ట్’, పొట్టిగా ‘ఏజీఎస్’ అని పిలిచింది. టాటా జెస్ట్‌లో అది ‘ఎఫ్-ట్రానిక్’, నెక్సాన్‌లో ‘హైపర్‌డ్రైవ్’. మహీంద్రా దాన్ని ‘ఆటోషిఫ్ట్’ అంది, రెనో క్విడ్‌లో అది ‘ఈజీ-ఆర్’. 2018 శాంట్రోలో ‘స్మార్ట్ ఆటో’, 2023 నిస్సాన్ మాగ్నైట్‌లో ‘ఈజీ-షిఫ్ట్’. కవరు విప్పి చూస్తే అన్నింట్లోనూ ఉన్నది ఒకే ఉపాయం.

సెలెరియోకు ఈ కిట్ ఇచ్చిన మాన్యేటీ మారెల్లీ ఇటలీలో పుట్టిన కంపెనీ. ఫెరారీ రేసు కార్లకు క్లచ్ పెడల్ పని తప్పించిన వ్యవస్థ వెనకా ఆ కంపెనీయే ఉంది. 1989లో స్టీరింగు వెనక మీటలతో గేర్లు మార్చే ఫెరారీ 640 మీద నైజెల్ మాన్సెల్ బ్రెజిల్‌లో మొదటి రేసే గెలిచాడు. 1997లో ఎఫ్355 ‘ఎఫ్1’ పేరుతో అది రోడ్డు కారులోకి దిగింది. ఆ లెక్కన కార్వాన్ సందులో మూలకు ఆపి ఉన్న సెలెరియో ఫెరారీకి దూరపు చుట్టం. టాటా పెట్టిన ‘ఎఫ్-ట్రానిక్’ అన్న పేరు విన్నప్పుడల్లా నాకు ఆ చుట్టరికమే గుర్తొస్తుంది.

నడిపినప్పుడు ఏఎమ్‌టీని పట్టించేది దాని ఆగుడు. ఒక గేరు వదిలి ఇంకో గేరు పట్టుకునేలోపు క్లచ్ విడిపోవాలి, ఆ అర క్షణం చక్రాలకు లాగుడు ఉండదు. లోపల కూర్చున్నవాళ్ల తల ముందుకు వంగి వెనక్కి వస్తుంది. మన ఊళ్లో దీన్ని ‘జర్క్’ అంటారు. గేరు మారే వేళకు యాక్సిలరేటరు కాస్త వదిలితే జర్క్ బాగా తగ్గుతుంది. కొన్నాళ్లు నడిపినవాళ్లకు కాలు దానంతటదే అలవాటు పడుతుంది. దీన్ని లోపం అనడం నాకు ఇష్టం ఉండదు. కొత్త డ్రైవరు నడిపితే పక్కన కూర్చుని ఓర్చుకుంటాం, ఈ యంత్రం దగ్గరికొచ్చేసరికి మాత్రం విసుక్కుంటాం.

అసలు జాగ్రత్త ఇంకోచోట ఉంది. బోనాల ఆదివారం కార్వాన్ దర్బార్ మైసమ్మ గుడి దారిలో ఇరుక్కున్న కారును ఊహించండి. ముందు డప్పులు, పోతురాజులు, బోనాలెత్తిన ఆడవాళ్లు. అడుగు కదిలి ఆగాలి, మళ్లీ అడుగు కదలాలి. టార్క్ కన్వర్టర్ బండిలో ఈ జారుడంతా నూనెలో జరుగుతుంది, వేడెక్కినా నూనె దాన్ని మోసుకుపోతుంది. ఏఎమ్‌టీలో అదే పని హాఫ్ క్లచ్ మీద నడుస్తుంది, అరిగేది క్లచ్ ప్లేటే. ఎత్తులో బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటరు మీద బండిని నిలబెడితే ఆ అరుగుడు ఇంకా ఎక్కువ. మెహదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాక ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు ఏ రకం గేర్‌బాక్సయినా హాయిగా పోతుంది. తేడా తెలిసేది కిందనే.

బెల్టు మీద నడిచేది

కారు సీవీటీ స్కూటరుకు పెద్దన్న. 1958లో హాలండుకు చెందిన డాఫ్ చిన్న కారులో రబ్బరు బెల్టులతోనే మొదలైంది, వాన్ డోర్న్ తయారు చేసిన వేరియోమాటిక్ అది. కారు బరువుకు రబ్బరు చాలదు. వందల చిన్న ఉక్కు పలకలను పట్టీల మీద గుచ్చి చేసిన ఉక్కు బెల్టు వచ్చాక కథ మారింది. 1987లో సుబారు జస్టీతో అది మార్కెట్టుకు చేరింది. ఈ ఉక్కు బెల్టుతో ఒక వింత ఉంది. మామూలు బెల్టు లాగుతుంది, ఇది నెడుతుంది. పలకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, రైలు పెట్టెల్ని ఇంజను వెనక నుంచి నెట్టినట్టు, బలాన్ని అవతలి పుల్లీకి చేరుస్తాయి.

సీవీటీ కారు వేగం అందుకునేటప్పుడు ఇంజను ఒకే స్వరం మీద ఆలాపన పట్టినట్టు ఉంటుంది. చెవికి ‘గేరు పడలేదే’ అనిపిస్తుంది. కొన్ని కంపెనీలు ఈ ఫిర్యాదు వినీ వినీ, లేని మెట్లను కంప్యూటరుతో నటింపజేశాయి. ఏడు గేర్ల సీవీటీ అని రాసి ఉంటే అర్థం అదే. మెత్తదనంలో మాత్రం దీనికి సాటి లేదు.

పేర్ల దగ్గరికొస్తే నిస్సాన్ దీన్ని ‘ఎక్స్‌ట్రానిక్’ అంటుంది. హ్యుందాయ్, కియా కార్లలో ‘ఐవీటీ’ అని ఉంటుంది. ఇది అన్నింటికంటే తప్పుదారి పట్టించే పేరు. ఇంజనీరింగు పుస్తకాల్లో ఐవీటీ అంటే ఇంజను తిరుగుతుండగానే చక్రాల నిష్పత్తిని సున్నా దాకా దించగల యంత్రం, దానికి క్లచ్ కూడా అక్కర్లేదు. హ్యుందాయ్ ఐవీటీలో మొదటి అక్షరానికి అర్థం ‘ఇంటెలిజెంట్’. లోపలున్నది ఉక్కు గొలుసు బెల్టుతో నడిచే సీవీటీయే. మంచి యంత్రమే, పేరొక్కటే అరువు తెచ్చుకున్నట్టుంది.

పాత కారు కొనేవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాల్సింది మారుతి బాలెనో. 2015లో వచ్చిన బాలెనో ఆటోమేటిక్‌లో సీవీటీ ఉంది. 2022లో మారిన బాలెనో ఆటోమేటిక్‌లో ఉన్నది ఏజీఎస్, అంటే ఏఎమ్‌టీ. ప్రకటనలో రెంటికీ ‘బాలెనో ఆటోమేటిక్, ఫస్ట్ ఓనర్’ అనే రాస్తారు.

రెండు క్లచ్‌లది

డీసీటీలో, అంటే డ్యూయల్ క్లచ్ ట్రాన్స్‌మిషన్‌లో, రెండు మాన్యువల్ గేర్‌బాక్సులు ఒకే డబ్బాలో కాపురం ఉంటాయి. ఒకటి, మూడు, ఐదు గేర్లు ఒక క్లచ్ కింద, రెండు, నాలుగు, ఆరు ఇంకో క్లచ్ కింద. మూడో గేరులో పోతుండగానే నాలుగోది పక్కన సిద్ధంగా పట్టి ఉంటుంది. ఒక క్లచ్ వదిలేసరికి రెండోది అందుకుంటుంది, జర్కుకు సందు దొరకదు. ఫ్రెంచి ఇంజనీరు అడాల్ఫ్ కెగ్రెస్ రెండో ప్రపంచ యుద్ధానికి ముందే దీన్ని ఊహించాడు. పోర్షే 1980లలో రేసు కార్లలో వాడింది. జనం కొనుక్కునే కారులోకి వచ్చింది 2003లో, ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో దీని పేరు డీఎస్‌జీ, ఆడీలో ఎస్ ట్రానిక్, పోర్షేలో పీడీకే, హ్యుందాయ్, కియాల్లో మారుపేరు లేకుండా డీసీటీ. టాటా 2022 ఆల్ట్రోజ్ నుంచి డీసీఏ అంటోంది. వీటిలోనూ పొడి క్లచ్‌లవి, నూనెలో మునిగిన తడి క్లచ్‌లవి అని రెండు తెగలున్నాయి. మన ట్రాఫిక్‌లో వేడిని తట్టుకోవడంలో తడి రకానిది పైచేయి. ఈ తేడా కారు వెనక అతికించిన అక్షరాల్లో కనిపించదు, అడగాలి.

ఒకే షోరూములో పక్కపక్కన నిలబెట్టిన రెండు ఫోక్స్‌వ్యాగన్ వర్టస్‌లను చూస్తే ఈ పేర్ల సమస్య తేటతెల్లమవుతుంది. 1.0 లీటరు ఇంజనుదానిలో ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్. 1.5 లీటరుదానిలో ఏడు గేర్ల డీఎస్‌జీ. రెండూ ఆటోమేటిక్‌లే, రెంటి లివరు మీదా పీ-ఆర్-ఎన్-డీ అక్షరాలే. సర్వీసుకు వెళ్లినప్పుడు మాత్రం రెంటి లెక్కా వేరు.

సగం దారిలో ఆగినవి

2020లో హ్యుందాయ్ వెన్యూతో మన మార్కెట్టుకు వచ్చిన ఐఎమ్‌టీలో క్లచ్ పెడల్ లేదు కానీ గేర్లు చేత్తోనే మార్చాలి. లివరు మీద చెయ్యి పడి కదలగానే సెన్సరు పసిగట్టి క్లచ్‌ను విడదీస్తుంది. పెడల్లు రెండే ఉన్నా ఇది ఆటోమేటిక్ కాదు. చిత్రమేమిటంటే టయోటా కూడా ఐఎమ్‌టీ అనే పేరు విదేశాల్లో కరోలాకు వాడింది. దానిలో క్లచ్ పెడల్ నిక్షేపంగా ఉంటుంది. గేరు దించినప్పుడు ఇంజను చుట్లను సరిపెట్టే సదుపాయానికి ఆ పేరు. అమెరికాలో ఉన్న అల్లుడు, కార్వాన్‌లో ఉన్న మామ ఇద్దరూ ‘మాది ఐఎమ్‌టీ’ అనుకుంటే ఒకరి ఎడమ కాలికి పని ఉంది, ఇంకొకరికి లేదు.

హైబ్రిడ్ కార్ల ‘ఈ-సీవీటీ’లో అసలు బెల్టే లేదు. 1997 టయోటా ప్రియస్ నుంచి వచ్చిన పద్ధతిలో ఒక ప్లానెటరీ గేర్ల జత, ఇంజనునూ రెండు మోటార్లనూ కలిపి ఉంచుతుంది. మోటార్ల వేగం మారుస్తూ పోతే నిష్పత్తి నునుపుగా మారినట్టే ఉంటుంది. గ్రాండ్ విటారా, హైరైడర్ హైబ్రిడ్‌లలో ఉన్నది ఇదే. 2022 హోండా సిటీ హైబ్రిడ్ మీద కూడా ఈ-సీవీటీ అనే రాస్తారు, దాని లోపలి కథ వేరు. ఎక్కువసేపు మోటారే బండిని నడుపుతుంది, ఇంజను కరెంటు పుట్టిస్తుంది. హైవే వేగంలో మాత్రం ఒక క్లచ్ పట్టుకుని ఇంజనును నేరుగా చక్రాలకు కలుపుతుంది.

బ్యాటరీ కార్ల గొడవ చిన్నదే. నెక్సాన్ ఈవీ లాంటివాటిలో మోటారు సున్నా నుంచే బలంగా లాగుతుంది కాబట్టి ఒకే ఒక నిష్పత్తి చాలు. మారే గేర్లు లేనేలేవు. ‘గేర్లు లేని బండి’ అన్న మాట దాదాపుగా వర్తించేది వీటికే.

కూర్చుని తెలుసుకోవడం

కాగితాలు, పేర్లు చూడకుండా పెట్రోలు కారు రకం పట్టుకోవడానికి పాత మెకానిక్‌లకు కొన్ని కొండగుర్తులు ఉంటాయి. మొదట లివరు. మన దగ్గరి ఏఎమ్‌టీల్లో చాలావాటికి ‘పీ’ ఉండదు. ఆర్, ఎన్, డీ, ఎమ్ ఉంటాయి. వాటిని ఆపినప్పుడు గేరులో వదిలి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేయాలి. ‘పీ’ ఉంటే ఎక్కువగా మిగతా మూడింటిలో ఒకటి. తరవాత సాఫీ రోడ్డు మీద యాక్సిలరేటరు ఒకే తీరుగా తొక్కి పట్టి, చుట్ల ముల్లు వైపు చూడాలి. ముల్లు ఎక్కి ఒక చోట నిలిచి, వేగం మాత్రం పెరుగుతూ పోతే సీవీటీ. ముల్లు ఎక్కి, టక్కున దిగి, మళ్లీ ఎక్కుతుంటే గేర్లున్న రకం. ఆ దిగుడులో తల ఊగితే ఏఎమ్‌టీ. ఊగకుండా స్విచ్చు వేసినంత చురుగ్గా దిగితే డీసీటీ, కొంచెం సాగి మెత్తగా దిగితే టార్క్ కన్వర్టర్. పక్కన అమ్మేవాడు మాట్లాడుతూ ఉంటే చెవి పనిచేయదు, మర్యాదగా కాసేపు ఆగమనాలి.

ఇంకో తేడా బండి ఆగిపోయిన రోజు తెలుస్తుంది. మాన్యువల్ కారు బ్యాటరీ డౌనైతే సందులో పిల్లలు నలుగురు తోస్తే సెకండ్ గేరులో స్టార్టయ్యేది. టార్క్ కన్వర్టర్, సీవీటీ బళ్లను అలా తోసి లాభం లేదు. లోపలి క్లచ్‌లను బిగించే నూనె ఒత్తిడి ఇంజను తిప్పే పంపు నుంచే రావాలి, ఇంజను ఆగి ఉంటే అది లేదు. తాడు కట్టి లాక్కుపోవడం ఇంకా ప్రమాదం. చక్రాలు తిరుగుతుంటే గేర్‌బాక్సు లోపలా తిరుగుతుంది, అక్కడికి నూనె మాత్రం అందదు. లాగే చక్రాలను నేల మీంచి ఎత్తాల్సిందే. చిన్న కార్లకు చాలావరకు ముందు చక్రాలు, ఇన్నోవా క్రిస్టాకైతే వెనకవి. క్రేను వాడికి ఫోను చేసినప్పుడు బండి పేరుతో పాటు ఇదీ చెబితే, అతను సరైన బండి తెస్తాడు. లేదంటే పురానాపూల్ ట్రాఫిక్‌లో రెండోసారి తిరిగి రావడానికి గంట పడుతుంది.